గడ్డి అప్పిచ్చే బ్యాంకు: మాల్పాయ్ పశుపాలకుల సంఘంపై సమీక్ష

రెండేళ్ల కిందట మా బావ డాలస్ నుంచి ఫోన్ చేసి, అరిజోనా ఆగ్నేయ మూలనున్న కొచీస్ కౌంటీలో నలభై ఎకరాల రాంచ్ భూమి చౌకగా అమ్మకానికి వచ్చిందనీ, టక్సన్‌లో ఉంటున్నది నువ్వే కనుక ఒకసారి వెళ్లి చూసి రావాలనీ అడిగాడు. పశువైద్యం చదివినవాడికి మేత భూమి మంచిచెడ్డలు తెలియకుండా ఉంటాయా అన్నది ఆయన ధీమా. నేను చూడబోయింది ఆ నలభై ఎకరాలనే అయినా, తిరిగి వచ్చాక మనసులో నిలిచిపోయింది మాత్రం దానికి తూర్పున, మెక్సికో సరిహద్దు వెంబడి న్యూ మెక్సికో దాకా పరుచుకున్న మరో ఎనిమిది లక్షల ఎకరాలు. వంద కుటుంబాలు కూడా నివసించని ఆ నేలలో పశుపాలకులు 1994లో మాల్పాయ్ బోర్డర్‌ల్యాండ్స్ గ్రూప్ అనే లాభాపేక్ష లేని సంఘాన్ని పెట్టుకుని, గడ్డిని అప్పుగా ఇచ్చే ఒక ఏర్పాటు చేసుకున్నారు. దాన్ని వారు గ్రాస్‌బ్యాంక్ అన్నారు. మనం గడ్డి బ్యాంకు అందాం. హోటళ్లకూ ఫోన్లకూ రాసినట్టు ఒక గడ్డి బ్యాంకుకు సమీక్ష రాయడం వింతగా తోచవచ్చు గానీ, అదీ ఒక సేవే. దానికీ ఖాతాదారులున్నారు, షరతులున్నాయి, ధర ఉంది, లోపాలూ ఉన్నాయి.

ముందు ఆ నలభై ఎకరాల సంగతి చెబుతాను, ఎందుకంటే గడ్డి బ్యాంకు ఏ జబ్బుకు మందో అది చూస్తేనే తెలుస్తుంది. అరిజోనాలో ఒక భూమిని 36 ఎకరాల కన్నా చిన్నవైన ఆరు లేదా అంతకు మించిన ముక్కలుగా చేసి అమ్మితే లేఅవుట్ నిబంధనలన్నీ వర్తిస్తాయి. ముక్క అంతకు పెద్దదైతే వాటిలో చాలా వాటి నుంచి తప్పించుకోవచ్చు. అందుకే పాత రాంచ్ ఒకటి అమ్ముడుపోయిందంటే అది నలభై ఎకరాల చొప్పున తెగి, ఒక్కో ముక్క చుట్టూ ఒక ముళ్లకంచె, మధ్యలో ఒక మొబైల్ ఇల్లు, పక్కన ఒక నీళ్ల ట్యాంకు వెలుస్తాయి. నాకు భూమి చూపించిన ఏజెంటు, నలభై ఎకరాల్లో నాలుగు గుర్రాలనూ పది ఆవులనూ హాయిగా మేపుకోవచ్చని చెప్పాడు. కారు దిగి నాలుగడుగులు వేసేసరికి ఆ మాటలోని నిజమెంతో తేలిపోయింది. అక్కడక్కడ పిడికెడేసి గడ్డి దుబ్బులు, దుబ్బుకూ దుబ్బుకూ మధ్య నా జోడు పట్టేంత బోడి నేల, ఆ నేలలో మట్టి కొట్టుకుపోయి తేలిన గులకరాళ్లు. ఆ ప్రాంతంలో ఒక్క ఆవు ఏడాది పొడవునా బతకడానికే పదుల ఎకరాలు కావాలి. బోరు ఎంత లోతు వేయవలసి వస్తుందని అడిగితే ఏజెంటు మాట మార్చాడు.

మనవాళ్లకు అందాజుగా చెప్పాలంటే, ఆ సీమలో ఏడాదికి కురిసే వాన సుమారు 350 మిల్లీమీటర్లు. అనంతపురం జిల్లా సగటు 550 దాకా ఉంటుంది. దేశంలో వాన మరీ తక్కువైన జిల్లాల్లో ఒకటని మనం చెప్పుకునే అనంతపురం కూడా వారి ముందు తడినేలే. ఆ కాస్త వానలో సగానికి పైగా జూలై నుంచి సెప్టెంబరు లోపల ఉరుములతో పడుతుంది. ఒక కొండ పక్క కుండపోతగా కురిసి, మూడు మైళ్ల అవతల దుమ్ము కూడా అణగకపోవచ్చు. గడ్డి బ్యాంకు అన్న ఆలోచనకు ఈ ఎగుడుదిగుడు వానే ఆధారం. ఒకరి బీడు ఎండినప్పుడు మరొకరి బీడు పచ్చగా ఉండే వీలున్న చోటే గడ్డి అప్పు అన్న మాటకు అర్థముంటుంది.

అక్కడి గడ్డి మొదటి నుంచీ ఇంత పలచగా లేదు. 1880లలో రైలు వచ్చాక బయటి పెట్టుబడితో లెక్కకు మించి పశువులను దింపారు. 1891 నుంచి 1893 వరకు పడిన కరువులో దక్షిణ అరిజోనా పశువుల్లో సగానికి పైగా చచ్చిపోయాయి. ఆ తరువాత ప్రతి మంటనూ ఆర్పే కాలం వచ్చింది. గడ్డి మైదానంలో కొన్నేళ్లకు ఒకసారి పిడుగు పడి మంట రేగితే, గడ్డి వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది గానీ లేత పొదలు చస్తాయి. ఆ మంటలు ఆగిపోయేసరికి మెస్కీట్ అనే ముళ్లచెట్టు గడ్డిని మింగేసింది. మెస్కీట్‌ను దగ్గరగా చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆకూ ముల్లూ కాయా అచ్చం మన సర్కారు తుమ్మవే. రెండూ దాయాది చెట్లని చదువుకున్నదే గానీ, పద్నాలుగు వేల కిలోమీటర్లకు పైగా దూరాన ఆ కొమ్మ చొక్కా పట్టి లాగినప్పుడు కలిగే గుర్తింపు వేరు. మన సర్కారు తుమ్మ విత్తనాలను 1877లో జమైకా నుంచి తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. వంటచెరకుకని తెచ్చుకున్న చెట్టు చెరువు గర్భాలనూ మేత పోరంబోకులనూ ఎలా ఆక్రమించుకుందో రాయలసీమలో ఎవరినడిగినా చెబుతారు. అరిజోనాలో మెస్కీట్ పరాయిది కాదు, అక్కడి చెట్టే. అయినా హద్దు దాటింది.

సంఘం పుట్టుకకు కారణం కూడా మంటే. 1991లో ఆ ప్రాంతంలో ఒక చిన్న మంట రేగినప్పుడు, దాని వల్ల పొదలు పోయి గడ్డికి మేలు జరుగుతుంది, వదిలేయండని స్థానికులు చెబుతున్నా వినకుండా ప్రభుత్వ సిబ్బంది వచ్చి ఆర్పేశారు. ఆ కోపంలో ఇరుగుపొరుగు పశుపాలకులు వార్నర్ గ్లెన్, వెండీ గ్లెన్ దంపతుల మాల్పాయ్ రాంచ్ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. సంఘం పేరు ఆ ఇంటిదే. వారు చేసిన తెలివైన పని ఏమిటంటే, తమను విమర్శించే పర్యావరణవాదులను కూడా అదే గదిలోకి పిలిచారు. ప్రభుత్వ భూముల మీద నుంచి పశువులను పూర్తిగా తోలేయాలని ఒక పక్షం, తమ జోలికి ఎవరూ రాకూడదని మరో పక్షం బిగుసుకుని ఉన్న రోజులవి. భూమి ముక్కలు కావడం మాత్రం రెండు పక్షాలకూ ఇష్టం లేదని ఆ సమావేశాల్లో తేలింది. నేను చూసి వచ్చిన నలభై ఎకరాల లాంటిది తమ కొండల్లోకి రాకూడదన్న ఆ ఒక్క అంగీకారం మీదే మిగతాదంతా కట్టుకున్నారు. సంఘం తొలి నాయకుల్లో ఒకరైన బిల్ మెక్‌డొనాల్డ్ అనే పశుపాలకుడికి 1998లో, అసాధారణ ప్రతిభకు అమెరికాలో ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ దక్కింది.

ఇక గడ్డి బ్యాంకు పనితీరు. ఏ బ్యాంకుకైనా మూలధనం కావాలి. ఇక్కడ మూలధనం న్యూ మెక్సికో వైపునున్న గ్రే రాంచ్. దాని విస్తీర్ణం దాదాపు 3,21,000 ఎకరాలు. నేచర్ కన్సర్వెన్సీ అనే ప్రకృతి పరిరక్షణ సంస్థ 1990లో దాన్ని కొని, కొన్నేళ్లకు డ్రమండ్ హ్యాడ్లీ కుటుంబం ఏర్పాటు చేసిన ఆనిమస్ ఫౌండేషన్‌కు, ఎన్నడూ ప్లాట్లు వేయకూడదన్న ఒప్పందంతో అమ్మింది. హ్యాడ్లీ అదే ప్రాంతంలో పశువులను పెంచుతూ కవిత్వం రాసినవాడు. గడ్డి బ్యాంకు అన్న ఊహ ఆయనదే. ఒక పశుపాలకుడి బీడును కరువు వల్లనో, మంట పెట్టి బాగుచేసుకోవడానికో కొన్నేళ్లు ఖాళీగా ఉంచవలసి వచ్చిందనుకుందాం. మామూలుగా అతనికి మూడు దారులే ఉంటాయి: మందను అయినకాడికి అమ్ముకోవడం, మేత కొని అప్పుల పాలు కావడం, లేదా ఎండిన బీడులోనే మేపి దాన్ని మరింత పాడు చేసుకోవడం. అమ్ముకుంటే పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఏ వాగులో ఏ నెలలో నీళ్లుంటాయో, ఏ మొక్క తింటే ప్రమాదమో తల్లి వెంట తిరిగి నేర్చుకున్న ఆవులు పోతాయి. సంత నుంచి తోలుకొచ్చిన కొత్త మందకు ఆ కొండలు అర్థం కావడానికి ఏళ్లు పడుతుంది. కరువు ఏడాది జతెడ్లను తెగనమ్ముకున్న ఇళ్లలో పుట్టినవారికి ఇది వేరే చెప్పనక్కర లేదు.

గడ్డి బ్యాంకు నాలుగో దారి చూపింది. మందను గ్రే రాంచ్‌కు తోలుకెళ్లి మేపుకోవచ్చు. దానికి ఖాతాదారు నగదు చెల్లించడు. తన సొంత భూమిని ఎన్నటికీ ప్లాట్లుగా విడగొట్టబోనని రాసిచ్చి రిజిస్టరు చేయిస్తాడు. ఆ హక్కు వదులుకోవడం వల్ల భూమి ధర ఎంత తగ్గుతుందో మదింపు వేయించి, ఆ మొత్తానికి సరిపోయే మేతను లెక్కగట్టి ఇస్తారు. ఆవూ దూడా కలిసి ఒక నెలలో తినే గడ్డిని ఒక ప్రమాణంగా తీసుకుంటారు కనుక, ఖాతా పుస్తకంలో డాలర్ల పక్కన ఆవు-నెలలు కూడా ఉంటాయన్నమాట. మందకు మేత దొరుకుతుంది, సొంత బీడుకు విశ్రాంతి దొరుకుతుంది, ఇరుగుపొరుగుకు ఆ భూమి ముక్కలు కాదన్న భరోసా దొరుకుతుంది. కోత అయిన చేలో గొర్రెల మందను కట్టించుకుని, కాపరికి మేత ఇచ్చి, చేనుకు ఎరువు పుచ్చుకునే మన సీమ రైతుకు ఈ లెక్క కొత్తగా అనిపించదు. మనది ఒక రాత్రి లెక్క, వారిది తరాల లెక్క, అంతే తేడా.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చినది, పత్రాల అడుగున ఉండే ఒక షరతు. ఆ ప్రాంతంలో సగానికి పైగా భూమి సొంతదారులదే అయినా, మిగతాది రాష్ట్ర ట్రస్టు భూములు, కేంద్ర అటవీ శాఖ భూములు, కేంద్ర భూ నిర్వహణ శాఖ భూములు. పశుపాలకుడు సొంత భూమితో పాటు వీటిని లీజుకు తీసుకుంటేనే మంద నిలుస్తుంది. ప్లాట్లు వేయబోనని శాశ్వతంగా రాసిచ్చాక రేపు ఎవరో కోర్టుకు వెళ్లి ఆ లీజును రద్దు చేయిస్తే అతని గతేమిటి? అందుకని ఒప్పందంలో, తన తప్పు లేకుండా ప్రభుత్వ లీజు పోయిన పక్షంలో ప్లాట్లు వేయరాదన్న కట్టుబాటు కూడా చెల్లకుండా పోతుందని రాసుకున్నారు. దీంతో పశువులను తోలేయాలనుకునేవారు ఒకటికి రెండు సార్లు ఆలోచించుకోవలసి వస్తుంది: ఆవులు పోతే వచ్చేది అడవి కాదు, నలభై ఎకరాల ముక్కలు. పరస్పర నమ్మకం అని అందరూ అనే మాటకు ఇంత గట్టి కాగితం రూపం ఇచ్చిన మరో ఏర్పాటును నేను చూడలేదు. తరువాతి కాలంలో మేతకు బదులు నగదు ఇచ్చి కూడా సంఘం ఇటువంటి ఒప్పందాలు చేసుకుంది. వాటి కింద ఇప్పుడు 75 వేల ఎకరాలకు పైగా సొంత భూములు రక్షణలో ఉన్నాయి.

కాగితం సరే, నేల మీద ఎలా ఉంది? భూమి చూసిన రోజే నేను డగ్లస్ ఊరి నుంచి తూర్పుగా సాగే జెరోనిమో ట్రయల్ అనే మట్టి రోడ్డు మీద కొంత దూరం వెళ్లాను. దారి పక్కన ఆగి ఉన్న నన్ను చూసి పికప్ బండిలో వస్తున్న ఒక పెద్దాయన ఆగి, కారు చెడిందా అని అడిగాడు. నేను పశువుల డాక్టరునని తెలిశాక, పనేమీ లేకపోతే ఎక్కు, ఒక చోటు చూపిస్తాను అన్నాడు. ఎక్కాను. అక్కడ గేటు తీసి వేసే పని డ్రైవరు పక్కన కూర్చున్నవాడిదట. నాలుగు వరుసల ముళ్లతీగను కర్రలకు బిగించి, చివరి కర్రను గుంజకున్న తీగ ఉచ్చులో దూర్చితే అదే గేటు. భుజంతో కర్రను గుంజకేసి అదిమితే గాని ఉచ్చు పైకెక్కదు. తీయడం సులువుగానే తీశాను. మూయడానికి మూడు సార్లు ప్రయత్నించి మోచేయి గీరుకున్నాక, డెబ్బై ఏళ్లు దాటిన ఆ మనిషి బండి దిగి, ఒక్క మాట అనకుండా ఒంటి చేత్తో మూసి వచ్చాడు.

ఆయన కుడి బూటు ముందు అంచున కత్తితో పెట్టిన చిన్న గాటు ఉంది. గడ్డిని కొలవడానికి ఆయన వాడే పరికరం అదే. దూరాన ఒక కొండ శిఖరం మీద చూపు నిలిపి తిన్నగా నడుస్తూ, రెండడుగులకు ఒకసారి ఆగి, అప్పుడు మాత్రమే తల వంచి, ఆ గాటు కింద ఏముందో పైకి చెబుతాడు; నేను నోటుబుక్కులో గీతలు పెట్టాలి. గడ్డి, మట్టి, గడ్డి, ఎండుటాకు, రాయి, గడ్డి, మట్టి. దుబ్బు మీద పడాలని కాలు జరపకూడదు, అదొక్కటే నియమం. ఏటా వాన వెళ్లాక అదే ఇనుప గుంజ దగ్గర మొదలుపెట్టి, అదే శిఖరం వైపు నూరు సార్లు ఆగి, చివరన అదే చోటి నుంచి ఒక ఫోటో తీస్తాడు. ఆ లెక్కలు పోయిన ఏటి కన్నా బోడి నేల పెరిగిందని చెబితే మందను తగ్గిస్తాడు. ఆ గడ్డిలో ఎక్కువ భాగం గ్రామా అనే జాతి. పేరు వినగానే ఊరు గుర్తుకొస్తుంది గానీ, అది స్పానిష్ మాట, గడ్డి అనే దానికి అర్థం. దాని కంకి సన్నగా ఒక పక్కకే వంగి, కనుబొమ్మను తీసి పుల్లకు అతికించినట్టు ఉంటుంది. నేను వంగి దుబ్బుల మధ్య దూరం చూశాను. ఏజెంటు చూపించిన భూమిలో నా జోడు పట్టేంత సందు ఉంటే, ఇక్కడ నా మూడు వేళ్లు పట్టేంత ఉంది. వాన రెండు చోట్లా ఒక్కటే.

ఆయన గడ్డి బ్యాంకు నుంచి అప్పు తీసుకున్నవాడు కాదు. సమావేశాలకు మాత్రం వెళ్తుంటాడట. సంఘం వల్ల మీకు దక్కినదేమిటని అడిగితే, అటవీ శాఖవారు తన ఫోను ఎత్తడం అని చెప్పి నవ్వాడు. పైకి చిన్న మాటే గానీ, ఏ శాఖలోనైనా ఒక ఫైలు కోసం తిరిగినవారు దాన్ని చిన్న మాట అనరు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. నీళ్ల తొట్టి దగ్గర చేరిన ఆయన మందలో చాలా ఆవులకు మూపురం ఛాయ, మెడ కింద వేలాడే గంగడోలు ఉన్నాయి. అవి బ్రాహ్మన్ రక్తం కలిసిన పశువులు. అమెరికన్ బ్రాహ్మన్ జాతిని గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ జాతులతో పాటు మన ఒంగోలు పశువుల నుంచి తయారు చేశారు. ఒంగోలును బయటి దేశాల్లో నెల్లూరు అనే పేరుతో పిలుస్తారు. మీ పశువుల్లో మా జిల్లాల రక్తం ఉందని చెబితే ఆయన తల ఊపి, ఎండకు తట్టుకుంటాయి, నీళ్ల నుంచి దూరం పోయి మేస్తాయి అన్నాడు. పశువైద్యుడిగా ఆ రెండో గుణానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. తొట్టి చుట్టూనే తిరిగే మంద ఆ చుట్టుపక్కల నేలను బోడి చేసి, దూరపు గడ్డిని ముట్టకుండా వదిలేస్తుంది.

గడ్డి బ్యాంకుతో పాటు సంఘం చేసే మరో పని మంటల నిర్వహణ. 1993లోనే పశుపాలకులూ అధికారులూ కలిసి ఒక పటం తయారు చేసుకున్నారు. ఎవరి భూమిలో మంట రేగితే వదిలేయాలి, ఎవరి భూమిలో అడిగి చేయాలి, ఎక్కడ వెంటనే ఆర్పాలి అన్నది అందులో గుర్తు పెట్టుకున్నారు. 1995లో బేకర్ లోయలో సుమారు ఆరు వేల ఎకరాలకు కావాలని మంట పెట్టారు. 2003లో అదే ప్రాంతంలో పెట్టిన మంట 46 వేల ఎకరాలకు విస్తరించింది. ఈ రెంటికీ నడుమ ఎనిమిదేళ్లు ఎందుకు పట్టాయంటే, ఆ కొండల్లో మాత్రమే దొరికే ఒక జాతి గిలక పాముకూ, కలబంద లాంటి అగావే పూల మీద ఆధారపడే ఒక గబ్బిలానికీ మంట హాని చేస్తుందేమోనన్న అనుమానాలు తీర్చవలసి వచ్చింది. ఓపిక లేనివారికి ఈ సేవ పనికిరాదు.

వన్యప్రాణుల విషయంలో సంఘం పేరు నిలబెట్టినవి రెండు సంఘటనలు. 1996 మార్చి 7న వార్నర్ గ్లెన్ వేటకుక్కలతో కొండసింహం జాడ పట్టి పెలన్సీయో కొండల్లో పోతుండగా, కుక్కలు నిలేసింది కొండసింహాన్ని కాదు, చిరుతను పోలిన జాగ్వార్‌ను. ఆయన తుపాకీ తీయకుండా కెమెరా తీశాడు. ఆ ఫోటోలు పత్రికల్లో వస్తే తమ భూముల మీద ఆంక్షలు పడతాయని తెలిసీ సంఘం వాటిని దాచలేదు. మరుసటి ఏడాదే జాగ్వార్ అమెరికాలో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాకు ఎక్కింది. రెండోది అంత ప్రసిద్ధం కాదు గానీ నాకు ఎక్కువ ఇష్టమైనది. 1990ల నడుమ కరువులో ఒక పశుపాలక కుటుంబం, తమ కుంటలో మిగిలిన చిరికావా కప్పలను బతికించడానికి వారానికి వెయ్యి గ్యాలన్ల నీళ్లు లారీలో తోలింది. ఆవులకే నీళ్లు చాలని రోజుల్లో ఎవరూ అడగకుండా చేసిన పని అది. ఆ కప్ప జాబితాకు ఎక్కింది 2002లో.

ఇక లోపాలు. మొదటిది మూలధనం. మూడు లక్షల పైచిలుకు ఎకరాలను కొని, అందులో కొంత గడ్డిని ఇతరుల కోసం అట్టే పెట్టడం అందరికీ సాధ్యమయ్యేది కాదు. హ్యాడ్లీ ఒక ప్రసిద్ధ బీరు కంపెనీ కుటుంబపు వారసుడు. ఆ ఆస్తి లేకుండా అదే పని ఎలా చేయాలన్న ప్రశ్నకు ఈ నమూనాలో జవాబు లేదు. రెండోది, వాన అంతటా ఒకేసారి ముఖం చాటేసినప్పుడు బ్యాంకులో కూడా గడ్డి ఉండదు. పక్క కొండ పచ్చగా ఉన్నప్పుడు పనిచేసే పథకం, అన్ని కొండలూ ఎండినప్పుడు తాళం వేసిన తలుపే. కరువు కోసం పెట్టిన బ్యాంకుకు ఇది చిన్న లోపం కాదు, అందుకే ఐదు నక్షత్రాలకు నాలుగే ఇస్తున్నాను.

మూడో లోపం మనవంటివారికి వెంటనే తట్టేది. ఒప్పందం శాశ్వతం, తాత రాసిచ్చిన మాటకు మనవలు కట్టుబడాలి. నలుగురు పిల్లలున్న ఇంట్లో వాటాలు పంచుకోవడానికి వీలులేని ఆస్తి అంటే మా ఊళ్లో ఆ సంతకం పెట్టిన ముసలాయన్ను చివరిదాకా ఎవరూ క్షమించరు. ఆ పెద్దాయనను నేను ఇదే అడిగాను. తన ఇద్దరు పిల్లల్లో ఒకరు ఫీనిక్స్‌లో ఉద్యోగంలో ఉన్నారనీ, వారికి రాంచ్ అక్కర లేదనీ, కానీ డబ్బు అక్కర లేదని మాత్రం తాను అనుకోవడం లేదనీ చెప్పాడు. దాని మీద ఇంకేమీ అనలేదు, నేనూ రెట్టించలేదు. నాలుగోది సంఘం చేతిలో లేనిది. 2020లో సరిహద్దు గోడ కోసం గ్వాడలూప్ లోయలో కొండలను పేల్చారు; మేతా మంటా నీరూ అన్నీ సరిహద్దుకు రెండు వైపులా కలిపి చూసిన సంఘానికి, జాగ్వార్ నడిచి వచ్చే దారికే గోడ అడ్డొచ్చింది.

పోల్చి చూడడానికి మరో గడ్డి బ్యాంకు ఉంది. ఉత్తర మోంటానాలో నేచర్ కన్సర్వెన్సీ 2000లో కొన్న మెటాడోర్ రాంచ్ దాదాపు 60 వేల ఎకరాలు. అక్కడ శాశ్వత ఒప్పందం అడగరు. చుట్టుపక్కల పశుపాలకులు మేతకు రుసుము చెల్లిస్తారు, అయితే తమ సొంత భూముల్లో పచ్చిక బీడును దున్నకుండా ఉండడం, పక్షులకూ, నేలలో బొరియలు తవ్వుకుని బతికే ప్రెయిరీ డాగ్‌లకూ చోటు వదలడం వంటి పనులకు ఆ రుసుములో తగ్గింపు లభిస్తుంది. ఏడాదికి ఏడాది లెక్క. కొత్తగా మొదలుపెట్టేవారికి మెటాడోర్ పద్ధతే సులువని నా అభిప్రాయం. పిల్లల వాటాల గొడవ ఉండదు, నచ్చకపోతే తప్పుకోవచ్చు. కానీ తప్పుకునే వీలున్నదే దాని బలహీనత కూడా. గోధుమ ధర పెరిగిన ఏడాది పచ్చిక బీడు దున్నేయాలన్న కోరికను రుసుములో కాస్త తగ్గింపు ఎంత కాలం ఆపగలదు? భూమి ముక్కలు కాకుండా ఆపడమే పనైతే మాల్పాయ్ కాగితం గట్టిది.

సంఘానికి చందా ఇవ్వాలనుకునేవారు ఇవ్వవచ్చు. కార్యాలయం డగ్లస్‌లోనే ఉంది. చూడాలనుకునేవారికి నాలుగు మాటలు. అది పార్కు కాదు, టికెట్టూ గైడూ ఉండరు. దారి పక్కన కనిపించేదంతా ఎవరో ఒకరి ఇంటి ఆవరణ కింద లెక్క. డగ్లస్ నుంచి ఆ రోడ్డు మీదే పోతే వచ్చే స్లాటర్ రాంచ్ మ్యూజియం, దాన్ని ఆనుకున్న శాన్ బెర్నార్డినో అభయారణ్యం మాత్రం సందర్శకులు చూడదగినవి. పెట్రోలు, నీళ్లు డగ్లస్‌లోనే నింపుకోవాలి. ఆ తరువాత ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. గడ్డి పచ్చగా కనిపించేది ఆగస్టు, సెప్టెంబరులలోనే గానీ, మధ్యాహ్నం ఉరుము వినపడితే వాగు దాటే సాహసం చేయవద్దు. వాన మీ తల మీద కాక పది మైళ్ల ఎగువన పడినా నీళ్లు వచ్చేది మీ దగ్గరికే.

మా బావ ఆ నలభై ఎకరాలు కొనలేదు. నేను పంపిన రెండు ఫోటోలు, ఒకటి నా జోడు పట్టిన సందుది, ఇంకొకటి మూడు వేళ్ల సందుది, పక్కపక్కన పెట్టుకుని చూసి, ధర ఇంకా తగ్గిస్తారేమో కనుక్కోమన్నాడు గానీ, బోరు సంగతి చెప్పాక ఆ ఊసెత్తలేదు. ఆ భూమిని మరెవరో కొన్నారు. ఈ మధ్య అటు వెళ్లినప్పుడు చూస్తే చుట్టూ కంచె వచ్చింది, మూలన ఇనుప గేటు పెట్టారు. అది సులువుగా మూసుకునే రకం.